మూడు లిపుల కొట్టులో లినక్స్: నాలుగున్నరేళ్ల వాడకం తర్వాత

పర్లాకిమిడిలో మాకు చిన్న డీటీపీ, జెరాక్స్ కొట్టు ఉంది. సరిహద్దు దాటితే పాతపట్నం కాబట్టి మా దగ్గరికి వచ్చే పనిలో సగం తెలుగు, మిగిలినదానిలో ఎక్కువ ఒడియా, కొంత ఇంగ్లీషు. పెళ్లికొడుకు వారికి తెలుగులోనూ పెళ్లికూతురు వారికి ఒడియాలోనూ ఒకే శుభలేఖను రెండు వైపులా అచ్చు వేయించుకునే కుటుంబాలు ఇక్కడ కొత్తేమీ కాదు. ఈ కొట్టులోని మూడు కంప్యూటర్లలో రెండింటిలో 2021 జూన్‌లో విండోస్ తీసేసి, దానికి బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ 20 వేశాను. తర్వాత 21కి, ఆపైన 22కి మారాను. ఆ రెండూ నాలుగో తరం ఐ3 ప్రాసెసరున్న పాత యంత్రాలు. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మద్దతు ఆగిపోయింది, విండోస్ 11 ఏమో ఇంటెల్‌లో ఎనిమిదో తరానికి తక్కువ ఉన్నవాటిని అంగీకరించదు కాబట్టి, నేను అప్పుడు మారకపోయి ఉంటే ఇప్పుడు వాటిని పాతసామాన్ల వాడికి ఇవ్వవలసి వచ్చేది. ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ, మరో 4 జీబీ ర్యామ్ వేసిన తర్వాత అవి ఇప్పటికీ చురుగ్గానే నడుస్తున్నాయి. వేగం గురించి ఇంతకంటే చెప్పవలసినది లేదు. మా చిక్కులన్నీ సాఫ్ట్‌వేర్ పొసగడం దగ్గరే వచ్చాయి.

మొదట్లో నా ఆశంతా వైన్ మీదే ఉండేది. 1993లో మొదలై, పదిహేనేళ్ల తర్వాత 2008లో గాని 1.0 సంచిక వెలువరించలేకపోయిన ఈ ప్రాజెక్టు, విండోస్ ప్రోగ్రాం చేసే ప్రతి పిలుపునూ అక్కడికక్కడే లినక్స్‌కు అర్థమయ్యే పిలుపుగా మార్చి అందించే దుబాసీ లాంటిది. దీని ఆధారంగానే ఆటల కోసం వాల్వ్ కంపెనీ 2018లో ప్రోటాన్‌ను తెచ్చింది. ఆ పుణ్యమా అని మా అబ్బాయి ఆటలు కొన్ని కొట్టు మూసిన తర్వాత ఇదే యంత్రంలో ఇబ్బంది లేకుండా ఆడుకుంటాడు. నాకు కావలసింది మాత్రం పుటలు కూర్చే పేజ్‌మేకర్ 7. 2001 నాటి ఆ ప్రోగ్రాం వైన్‌లో తెరుచుకుంది, పుట కనిపించింది, పెట్టెలు గీయగలిగాను. పేజ్‌మేకర్ నడిచింది గాని పని నడవలేదు. ఎందుకంటే మా వైపు డీటీపీ చేసేవారందరూ వాడే పాత తెలుగు లిపి ప్యాకేజీలో ఫాంట్లతో పాటు ఒక కీబోర్డు ప్రోగ్రాం కూడా ఉంటుంది. అది మీటలను మధ్యలోనే అందుకొని, ఒక్కొక్క తెలుగు అక్షరాన్ని రెండు మూడు ముక్కలుగా పంపుతుంది. మా యంత్రంలో వైన్ కింద ఎంత ప్రయత్నించినా ఆ మీటల ప్రోగ్రాం కుదురుకోలేదు.

ఇక్కడ ఆ పాత ఫాంట్ల సంగతి కొంచెం వివరించాలి. వాటిలో కంటికి కనిపించేది తెలుగే అయినా, ఫైలు లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంఖ్యలే. తలకట్టు ఒక సంఖ్య, ఒత్తు ఇంకొక సంఖ్య. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే పెళ్లి పిలుపు కాస్తా పిచ్చిగీతల వరసగా మారిపోతుంది. ఒడియా డీటీపీలోనూ ఇదే కథ. కొట్టులో పదిహేనేళ్లుగా పోగుపడిన శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, పెద్దకర్మ కార్డులు అన్నీ ఈ రూపంలోనే ఉన్నాయి. ప్రతి లిపిలోని అక్షరాలకూ వాటి సొంత సంఖ్యలు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకూ ఒడియాకూ 1991లోనే చోటు దొరికినా మా వృత్తి మాత్రం పాత దారిలోనే ఉండిపోయింది. కాబట్టి మా అడ్డంకికి విండోస్‌నో లినక్స్‌నో తప్పుపట్టి లాభం లేదు. అది మా ఫైళ్లలోనే ఉంది.

పాత ఫైళ్లకు ఊహించని సాయం, వర్డ్ లాంటి పనులు చేసే ఉచిత కట్ట లిబ్రే ఆఫీస్‌లో దొరికింది. 2015లో వచ్చిన 4.4 సంచిక నుంచి అందులోని డ్రా విభాగం పేజ్‌మేకర్ ఫైళ్లను తెరుస్తుంది, కోరల్‌డ్రా ఫైళ్లను అంతకు ముందు నుంచే తెరుస్తోంది. పాత ఫాంట్లను లినక్స్‌లోకి నకలు చేసుకుంటే పుట చాలావరకు యథాతథంగా కనిపిస్తుంది. చూసి పీడీఎఫ్ చేసి ఇవ్వడానికి అది చాలు, అక్షరం మార్చడానికి చాలదు. మార్చాలంటే పాఠాన్ని యూనికోడ్‌లోకి తిప్పాలి. తిప్పే పనిముట్లు దొరుకుతాయి గాని వాటిని గుడ్డిగా నమ్మకూడదని ఒక శుభలేఖ నేర్పింది. పాత కార్డులోని పాఠాన్ని అలా తిప్పి, పేర్లు మార్చి, ప్రూఫు తీసి ఇచ్చాను. పెళ్లికూతురి తండ్రి రిటైరైన తెలుగు మాస్టారు. కళ్లజోడు పైకి జరిపి ఒకే ఒక్క మాట దగ్గర వేలు పెట్టారు: “బాబూ, మా అమ్మాయి కనిష్ఠ పుత్రిక. నువ్వు కనిష్ట పుత్రికను చేశావు.” ఠ వత్తు కాస్తా ట వత్తుగా మారింది. తర్వాత పాత ఫైళ్లన్నిటిలో వెతికితే జ్యేష్ఠ, ప్రతిష్ఠ కూడా అలాగే దెబ్బతిన్నాయి. అప్పటి నుంచి తిప్పిన ప్రతి పాఠాన్నీ ఠ, ఢ, క్ష, ష్ట్ర వచ్చే చోట్ల ఇద్దరం చదివిన తర్వాతే అచ్చుకు పంపుతున్నాము.

టైపింగు మాత్రం నేను భయపడినంత కష్టం కాలేదు. మా దగ్గర పని చేసే అబ్బాయికి పాత ప్యాకేజీలోని ఆపిల్ అనే కీబోర్డు అమరిక వేళ్లకు పట్టేసింది. ప్రభుత్వ ప్రామాణిక అమరిక అయిన ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోమంటే, “అన్నా, ఈ వయసులో మళ్లీ అ ఆలా?” అన్నాడు. లినక్స్‌లో మన భాషలు టైపు చేయించే ఐబస్‌తో పాటు వేసుకునే ఎం17ఎన్ అనే అమరికల కట్టలో ఇన్‌స్క్రిప్ట్, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఐట్రాన్స్, ఆర్‌టీఎస్‌లతో పాటు తెలుగు ఆపిల్ అమరిక కూడా ఉందని అప్పుడే చూశాను. కొన్ని అక్షరాల చోటు మా వాడి అలవాటుతో కలవలేదు. ఆ అమరిక మామూలు పాఠ్య ఫైలు కాబట్టి ఒక సాయంత్రం కూర్చొని, కలవని మీటలను అతడు చెబుతూ ఉంటే నేను మార్చాను. ఇలా విప్పి సరిచేసుకునే వీలు డబ్బిచ్చి కొన్న పాత ప్యాకేజీలో ఎన్నడూ లేదు.

యూనికోడ్ ఫాంట్లలో చదువుకునే అక్షరానికి లోటు లేదు. పోతన, వేమన, మండలి, సూరన్న, రామభద్ర, నోటో అన్నీ ఉచితమే. గిడుగు రామమూర్తి గారి పేరిట కూడా ఒక ఫాంటు ఉంది. ఆయన పాఠాలు చెప్పిన ఊళ్లోనే కూర్చొని ఆ ఫాంటుతో కరపత్రాలు కూర్చడం నాకొక చిన్న సంబరం. శుభలేఖల మీద వేసే పువ్వులూ మెలికలూ ఉన్న అక్షరాలలో మాత్రం పాత ప్యాకేజీల వైవిధ్యంలో నాలుగో వంతు కూడా ఇక్కడ దొరకలేదు. ఒడియాలో పరిస్థితి ఇంకా పలుచన. పెద్ద శీర్షికలను నేటికీ బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్‌లో ఆకారాలుగా మార్చి చేత్తో సవరించుకుంటున్నాము.

పుట కూర్పుకు పేజ్‌మేకర్ స్థానంలో స్క్రైబస్ వచ్చింది. పాత 1.4 సంచికలో తెలుగు ఒత్తులు విడిపోయి పక్కన నిలబడేవి కనుక మొదటి రెండున్నరేళ్లు ప్రయోగాత్మకమైన 1.5 సంచికతోనే, ప్రతి పావుగంటకూ ఫైలు భద్రపరచుకుంటూ నెట్టుకొచ్చాను. 2024 జనవరిలో 1.6 స్థిరమైన సంచికగా వచ్చిన తర్వాత ఆ భయం పోయింది. రంగులను నాలుగు సిరాలుగా విడదీసి ఇచ్చే దాని పీడీఎఫ్‌ను మేము పంపే ఆఫ్‌సెట్ ప్రెస్‌వారు ఇంతవరకు తిప్పి పంపలేదు. పాస్‌పోర్టు ఫొటోలకు గింప్ సరిపోతుంది.

ఎక్కువ విసిగించింది వర్డ్ ఫైళ్లు. పాఠశాలల ప్రశ్నపత్రాలు, సంఘాల అర్జీలు వాట్సాప్‌లో వస్తాయి. తెరిస్తే నాలుగు పుటలది ఐదు పుటలవుతుంది. చాలారోజులు దీన్ని లిబ్రే ఆఫీస్ లోపమనే అనుకున్నాను. ఒకరోజు తీరిగ్గా చూస్తే అక్షరరూపం కారణమని తేలింది. ఏరియల్, టైమ్స్‌లకు లిబరేషన్ ఫాంట్లు, కాలిబ్రీకి కార్లిటో, కేంబ్రియాకు కలడియా సరిగ్గా అదే వెడల్పుతో తయారై ఉన్నాయి కాబట్టి ఇంగ్లీషు ఫైళ్లు కదలవు. విండోస్‌లో తెలుగుకూ ఒడియాకూ మామూలుగా వాడే నిర్మలా యూఐకి, పాత గౌతమికి అలాంటి జోడీ ఇక్కడ నాకు కనబడలేదు. బదులు వచ్చే నోటో అక్షరం వెడల్పూ ఎత్తూ వేరు, దాంతో పంక్తులు జారి పట్టికలు విరుగుతాయి. దానికి తోడు ఎవరైనా పంక్తుల ఎడాన్ని స్థిరమైన కొలతకు బిగించి ఉంటే కింది ఒత్తులు సగానికి తెగి కనిపిస్తాయి, “స్త్రీ” కాస్తా “సీ”కి దగ్గరవుతుంది. లిబ్రే ఆఫీస్ ఐచ్ఛికాల్లోని ఫాంటు మార్పిడి పట్టికలో ఏ ఫాంటుకు ఏది బదులో రాసుకొని, ఎడాన్ని అక్షరం సైజుకు తగ్గ అనుపాతానికి తనంతట తానే మార్చే చిన్న మాక్రో పెట్టుకున్న తర్వాత పని తగ్గింది గాని పూర్తిగా పోలేదు. తెలిసిన మాస్టర్లకు మాత్రం పీడీఎఫ్ కూడా పంపమని అలవాటు చేశాను. లెక్కల పట్టికలతో పేచీ రాలేదు. పైగా లక్షలూ కోట్లూ మన పద్ధతిలో విడదీసి చూపే అంకెల రూపాన్ని లిబ్రే ఆఫీస్‌లోని పట్టికల విభాగం కాల్క్ నేరుగా ఒప్పుకుంటుంది.

ప్రింటరు గురించి హెచ్చరించకపోతే ఈ సమీక్షకు అర్థం లేదు. కొట్టులో పదేళ్ల నాటి చిన్న లేజర్ ప్రింటరు ఉండేది. దాని లినక్స్ డ్రైవరు ఎప్పుడో వదిలేసిన 32 బిట్ ప్రోగ్రాం. 2022లో సరిగ్గా పెళ్లిళ్ల వేళ మింట్ 21కి మారాను. మొదటి కాగితం వచ్చి, రెండోదానికి ప్రింటరు మొండికేసింది. ఆ వారమంతా పెన్‌డ్రైవులు పట్టుకొని విండోస్ యంత్రం దగ్గరికి తిరిగాము. తప్పు ముహూర్తం చూసుకోని నాది కూడా. తర్వాత డ్రైవరు అక్కరలేకుండా ఐపీపీ అనే ప్రామాణిక పద్ధతిలో నెట్‌వర్కు మీద పనిచేసే ప్రింటరు కొన్నాను. లినక్స్‌లో ముద్రణ పని చూసే సీయూపీఎస్ దాన్ని అరనిమిషంలో గుర్తించింది, ఆ తర్వాత 22కి మారినప్పుడు కూడా కదలలేదు. లినక్స్‌కు మారదలచిన కొట్టువారు ఖర్చు లెక్కలో ఇలాంటి ప్రింటరు ధరను ముందే వేసుకోవాలి.

మూడో యంత్రంలో విండోస్ 11 ఉంచక తప్పలేదు. వేలిముద్ర పరికరం, ఆడిటరు పంపే డిజిటల్ సంతకపు టోకెను, ఒక వ్యాపారి లెక్కల ప్యాకేజీ మా చేతిలో విండోస్‌లోనే కుదిరాయి. వీటిని లినక్స్ లోపలే విండోస్‌ను నడిపించే వర్చువల్ యంత్రంలో పెట్టి చూశాను. 8 జీబీ ర్యామ్‌లో నడిచాయి గాని, గుమ్మంలో నలుగురు నిలబడి ఉండగా టోకెను ఈసారి గుర్తుపడుతుందో లేదో అని చూస్తూ కూర్చునే ఓపిక నాకు లేదు.

ఇంట్లో చదువుకూ ఉత్తరాలకూ వాడేవారైతే రెండో ఆలోచన లేకుండా మారవచ్చు. నాలాంటి డీటీపీవారు మాత్రం వైన్ జోలికి పోయే ముందు తమ పాత ఫైళ్లలో ఎన్ని యూనికోడ్‌లో ఉన్నాయో లెక్క చూసుకోవాలి. మేము పాతవాటిని ఒక్కసారిగా తిప్పే ప్రయత్నం మానుకున్నాము. పాత ఖాతాదారు మళ్లీ వచ్చినప్పుడు అతని ఫైలును మాత్రమే తిప్పి, కొత్త పెట్టెలో వేసుకుంటున్నాము. మొదట్లో రోజుకు పదిసార్లు మూడో యంత్రం దగ్గరికి పాత శుభలేఖ కోసం లేచే మా పని అబ్బాయి ఇప్పుడు వారానికి ఒకటి రెండుసార్లే లేస్తున్నాడు.