కొండ పక్క సర్వేకి కెనడావాళ్ల పీపీపీ సర్వీసు: వాడి చూసి రాస్తున్నా

శ్రీకాకుళం జిల్లాలో మెళియాపుట్టి, మందస వైపు సర్వే పనులు చేసేవాళ్లకి ఈ బాధ తెలుసు. కొండ పక్కకి వెళ్తే ఫోన్ సిగ్నల్ పోతుంది, అది పోతే డబ్బు కట్టి తీసుకున్న కరెక్షన్ సర్వీసు (జీపీఎస్ తప్పుని నెట్ ద్వారా సరిదిద్దేది) కూడా చేత్తో పట్టుకు తిరిగే రిసీవర్‌కి, అంటే రోవర్‌కి అందదు. అలాంటి చోట బేస్ పాయింటు (మిగతా కొలతలకి ఆధారంగా పెట్టుకునే పాయింటు) కోసం నేను వాడేది కెనడా ప్రభుత్వం నడిపే సీఎస్‌ఆర్‌ఎస్-పీపీపీ. పీపీపీ అంటే ప్రిసైజ్ పాయింట్ పొజిషనింగ్, ఒక్క రిసీవర్ డేటాతోనే ఆ పాయింటు ఎక్కడుందో కచ్చితంగా లెక్కగట్టే పద్ధతి. పైసా తీసుకోరు. అకౌంట్ తెరిచి, రిసీవర్ డేటాని రైనెక్స్ ఫైలుగా (ఏ కంపెనీ రిసీవర్ డేటానైనా ఒకే రూపంలో పెట్టే ఫైలు) మార్చి అప్‌లోడ్ చేస్తే రిపోర్టు మెయిల్‌కి వచ్చేస్తుంది.

దగ్గర్లో ఇంకో బేస్ లేకుండా సెంటీమీటర్ల లెక్క ఎలా వస్తుందని చాలామంది అడుగుతున్నారు. బలమంతా శాటిలైట్ల కక్ష్యల లెక్కలో ఉంది. శాటిలైట్ తానెక్కడున్నానో చెబుతూ పంపే లెక్కలో మీటరు దాకా తేడా ఉండొచ్చు. అదే ప్రపంచమంతటా ఉన్న వందల స్టేషన్లు పట్టిన సిగ్నళ్లను కలిపి తర్వాత తీరిగ్గా లెక్కగడితే ఆ తేడా రెండు మూడు సెంటీమీటర్లకి దిగుతుంది, అదీ 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ శాటిలైట్‌కి! ఐజీఎస్ అనే అంతర్జాతీయ సంస్థ 1994 నుంచి ఈ కక్ష్యలని ఉచితంగా ఇస్తోంది.

మరి ఆ కక్ష్య సరైనదేనని ఎవరు చెప్పాలి? బెర్న్, పోట్స్‌డామ్, అమెరికాలోని నాసా ల్యాబ్ జేపీఎల్ లాంటి సెంటర్లు ఎవరి లెక్క వాళ్లు కట్టి పోల్చి చూసుకుంటాయి. నిన్నటి కక్ష్య, ఇవాళ్టి కక్ష్య అర్ధరాత్రి దగ్గర కలుస్తున్నాయా అనీ చూస్తారు. నాకు బాగా నచ్చింది లేజర్ తనిఖీ. యూరప్ గెలీలియో, రష్యా గ్లోనాస్, మన నావిక్ శాటిలైట్లకి లేజర్‌ని వెనక్కి తిప్పే అద్దాలుంటాయి, నేల మీంచి లేజర్ కొట్టి అది తిరిగొచ్చే టైముతో దూరం కొలుస్తారు. రేడియో సిగ్నల్‌తో ఏ సంబంధమూ లేని కొలత ఇది, గట్టు తగాదాలో ఇద్దరికీ చుట్టం కాని మనిషి వచ్చి చైను పట్టినట్టు. అందుకే ఈ రిపోర్టులో వచ్చే అంకెల మీద నాకు గురి.

వాడకం సంగతి. గంటన్నర ఆగి పంపినా రిజల్ట్ వస్తుంది, మర్నాడు పంపితే ఇంకా మెరుగు, కానీ హద్దు రాయి పాతాలంటే రెండు మూడు వారాలు ఆగి ఫైనల్ కక్ష్యలతో మళ్లీ చేయించండి. ఒకే రాయి మీద వేర్వేరు రోజుల్లో పెట్టి చూస్తే అడ్డంలో తేడా సెంటీమీటరు లోపే వచ్చింది, ఎత్తులో కొంచెం ఎక్కువ. రెండు ఫ్రీక్వెన్సీల రిసీవర్ ఉండాలి, కనీసం రెండు గంటలు కదపకూడదు. ఉద్దానంలో జీడిచెట్ల కింద ట్రైపాడ్ పెట్టి రిజల్ట్ బాగాలేదంటే అది సర్వీసు తప్పు కాదు, ఆకాశం కనపడాలి కదా.

రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. ఎత్తు సముద్రమట్టం నుంచి ఇవ్వరు, భూమికి లెక్కల్లో వాడే నున్నటి ఆకారం (ఎలిప్సాయిడ్) నుంచి ఇస్తారు, మన తీరంలో అది పదుల మీటర్లు మైనస్‌లో వస్తుంది, ఆ ఆకారానికీ సముద్రమట్టానికీ (జియాయిడ్) ఉన్న తేడా మనమే సరిచేసుకోవాలి. ఇంకోటి, కోఆర్డినేట్లు కొలిచిన తేదీ నాటివి. మన దేశం కింద ఉన్న ఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యంగా జరుగుతోంది, కాబట్టి 2021లో కొలిచిన రాయిని ఇవాళ కొలిస్తే తేడా కనిపిస్తుంది. రాయిని ఎవరో కదిపేశారని రైతుల మధ్య గొడవ పెట్టకండి, ముందు రిపోర్టు మీద తేదీ చూడండి.

అయిదుకి నాలుగున్నర ఇస్తా. ఆ అర మార్కు ఎత్తు దగ్గర తగ్గించాను.