పేరు చెప్పలేని చోటుకు నాలుగు స్టార్లు

చావుకు దగ్గరైన ముసలి కుక్కలను చివరిదాకా చూసుకునే ఒక ఇంటి గురించి ఈ సమీక్ష. ఇందులో మీకు ఆ చోటు పేరు దొరకదు, ఫోన్ నంబరు అసలే దొరకదు. నడిపేవాళ్లు పెట్టిన షరతు అది. లోగడ ఎవరో మంచి మనసుతోనే ఫేస్‌బుక్‌లో పేరు, దారి రాసేశారట. తెల్లారేసరికి గేటుకు కట్టేసిన కుక్కలు, అట్టపెట్టెలో కళ్లు తెరవని పిల్లలు ప్రత్యక్షం. తొమ్మిది కుక్కలకు మించి పెట్టుకోని ఇల్లు అది. అందుకని ఘట్‌కేసర్ వైపు, ఔటర్ రింగు రోడ్డు దాటాక అని మాత్రమే చెబుతాను. మిగతాది మీ పశువుల డాక్టరును అడగండి. ముసలి కుక్కలను ఓపికగా చూసే డాక్టర్లకు ఇలాంటి ఇళ్లు ఒకటో రెండో తెలిసే ఉంటాయి. నాకూ అలాగే తెలిసింది.

ఇక మా టైగర్ సంగతి. మా అపార్ట్‌మెంటు కడుతున్నప్పుడు ఇసుక కుప్ప మీద పుట్టినవాడు. ఆ పేరు పాత వాచ్‌మన్ పెట్టింది. ఆయన పాలమూరు వెళ్లిపోయాక వాడు మెట్ల కింద మిగిలిపోయాడు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి వదిలినదానికి గుర్తుగా చెవి కొసన కత్తిరింపు ఉండేది. వెనక కాలి మీదుగా ఆటో ఎక్కిన తర్వాత ఇంట్లోకి తెచ్చుకున్నాం. పేరుకే పులి. పిల్లి కనబడితే మా ఆయన లుంగీ చాటుకు వెళ్లేవాడు.

కిందటి చలికాలంలో తిండి తగ్గింది, నీళ్లు తాగడం పెరిగింది, నోటి నుంచి మూత్రం వాసన మొదలైంది. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయిస్తే, కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం క్రియాటినిన్ 6.2 వచ్చింది. కుక్కల్లో అది 5 దాటితే కిడ్నీ జబ్బు నాలుగో దశ కింద లెక్క, ఐదో దశంటూ లేదు. వయసు పదమూడు పైమాటేనన్నారు. "నయం చేసే దశ దాటిందమ్మా, ఇక బాధ లేకుండా చూసుకోవడమే" అని అక్కడి డాక్టరమ్మ ఉన్నమాట చెప్పింది. కాళ్ల నొప్పికి మెలాక్సికామ్ లాంటివి కిడ్నీకి చేటని ఆపించి, గాబాపెంటిన్ రాసింది.

ఇంట్లోనే చూసుకోవచ్చు కదా అని మా చెల్లెలు మొదలు పాలబ్బాయి దాకా అందరూ అడిగారు. మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. నాకు రెండు మోకాళ్లూ మార్చారు, మా ఆయనకు గుండెలో స్టెంట్లు. వాడి బరువు ఇరవై కిలోల పైన. మూత్రానికి గంట గంటకూ దింపాలి, ఎక్కించాలి. జీతమిచ్చి కుర్రాణ్ని పెట్టుకుంటే రెండో వారం నుంచి రావడం మానేశాడు. అడిగినవాళ్లెవరూ వచ్చి ఎత్తలేదు.

వెతుకులాటలో రెండు రకాల చోట్లు చూశాను. ఒకటి పెంపుడు కుక్కల హోటల్. ఏసీ గదులు, ఈతకొలను, తలుపు తెరిస్తే గంధం వాసన వచ్చే రిసెప్షను. నేల మాత్రం అద్దంలా మెరిసే టైల్సు. కీళ్లు అరిగిన కుక్కను టైల్సు మీద నిలబెడితే నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు జారుతాయి. ఆ మాటంటే "మ్యాట్ వేస్తాం మేడమ్, ఎక్స్‌ట్రా" అన్నాడు. రాత్రి ఎవరుంటారంటే సీసీ కెమెరా ఉంటుందన్నాడు. కెమెరా కుక్కను ఎత్తదు కదా అని లేచి వచ్చేశాను. రెండోది ఊరి బయట షెల్టరు. అక్కడివాళ్లు మంచివాళ్లే, కానీ వందల కుక్కల మధ్య కదలలేనిది ఒకటి పడుకుంటే దాని గిన్నె దాకా అన్నం రాదు. బ్లూక్రాస్ లాంటి సంస్థలు మన నగరంలో 1992 నుంచి ఉన్నాయి. వాటి పని గాయపడినవాటిని కాపాడటం, సంతానం పెరగకుండా ఆపరేషన్లు చేయడం. చావుకు దగ్గరైన ఒక్క ప్రాణానికి ఒక మనిషిని కేటాయించడం వేరే పని. మనుషుల కోసం హైదరాబాద్‌లో స్పర్శ్ హాస్పిస్ ఆ పని చేస్తోంది. కుక్కలకు అలాంటిది ఎక్కడుంది?

మా అమ్మాయి కాలిఫోర్నియాలో ఉంటుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో మట్‌విల్ అనే సంస్థ 2007 నుంచి ముసలి కుక్కలనే చేరదీస్తోందనీ, నయం కానివాటిని మామూలు ఇళ్లలో ఉంచి, వైద్యం ఖర్చు తామే పెట్టుకుని చివరిదాకా చూసుకునేలా చేస్తుందనీ ఫోన్లో వర్ణించి చెప్పింది. బాగుంది తల్లీ, మరి మన నాచారంలో? అన్నాను. ఆ ఊళ్లో అయినా ఆ పద్ధతి నిలబడింది సొమ్ము వల్ల కాదనీ, సోఫా పక్కన చోటిచ్చే ఇళ్లు దొరకడం వల్లననీ నా అనుమానం.

మొత్తానికి ఈ ఇల్లు. నడిపేది భార్యాభర్తలు. ఆయన పశుసంవర్ధక శాఖలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు. ఆమె పేరు రాయను, అక్కడికి వచ్చేవాళ్లందరూ ఆమెను "వదినగారూ" అంటారు, నేనూ అలాగే అన్నాను. మొదటిసారి వెళ్తే గేటు తీయలేదు. గేటుకు అవతల ఆయన, ఇవతల మేము, మధ్యలో ప్రశ్నలు. రక్తపరీక్ష కాగితాలు చూశాడు. ఇంట్లో ఎవరైనా పారాసెటమాల్, బ్రూఫెన్ లాంటివి వేశారా అని అడిగాడు. చాలామంది ప్రేమకొద్దీ ఆ విషమే పెడతారట. ఏ పక్కకు తిరిగి పడుకుంటాడు, కర్ర చూస్తే ముడుచుకుంటాడా, మగవాళ్లు ముట్టుకుంటే ఊరుకుంటాడా, దీపావళికి ఎక్కడ దాక్కుంటాడు? పళ్లెంలో తింటాడా, నేల మీదా? ఇన్నేళ్లలో మా కుక్క గురించి ఇన్ని ప్రశ్నలు అడిగినవాడు లేడు. "నడిచే కుక్క అయితే తీసుకోనమ్మా. నడిచేదానికి చోటిస్తే లేవలేనిదానికి ఉండదు" అన్నాడు. ఆ మాటతో నాకు ఆయన మీద గురి కుదిరింది. హోటల్ వాడు ఒక్క ప్రశ్న అడగకుండా అడ్వాన్సు అడిగాడు మరి.

లోపల ఆడంబరం ఏమీ లేదు. రేకుల వరండా, దాని మీద గడ్డి కప్పు. నేల మీద పశువుల కొట్టాల్లో పరిచే నల్ల రబ్బరు చాపలు, వాటి మీద మడత పెట్టిన గోనెలు, ఆపైన ఉతికిన పాత దుప్పట్లు. వాసన వస్తుంది, రాదని చెప్పను. కానీ అది నిలవ వాసన కాదు, ఫినాయిలు, ఉడికిన అన్నం, ముసలి కుక్క కలిసిన వాసన. పుండు పడకుండా లేవలేనివాటిని ఒక పక్క నుంచి మరో పక్కకు తిప్పుతుంటారు. ఎప్పుడు తిప్పారో గోడ మీద పలకపై సుద్దముక్కతో రాస్తారు. నేను అనుమానపు మనిషిని, ఒకసారి చెప్పకుండా వెళ్లి పలక చూశాను. టైము సరిగ్గానే ఉంది, టైగర్ కూడా పలక చెప్పిన పక్కకే ఉన్నాడు.

నాకు బాగా గుర్తుండిపోయింది సెలైన్ ఎక్కించే పద్ధతి. కిడ్నీ జబ్బు కుక్కలకు చర్మం కింద ద్రవం ఎక్కిస్తే ఒంట్లో నీరు నిలబడి వికారం కాస్త తగ్గుతుంది. మేము క్లినిక్కులో చేయించినప్పుడు వాడు గిలగిలలాడేవాడు, ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చేది. వదినగారు ముందు సీసాను వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టింది. కాసేపటికి తీసి తన మణికట్టుకు ఆనించి చూసుకుంది, పసిపిల్లల పాలసీసా చూసినట్టు. కిటికీ ఊచకు తగిలించింది. భుజాల మధ్య చర్మాన్ని రెండు వేళ్లతో పైకి లేపి, మడత కిందకు సూది పోనిచ్చి, ఆ చేత్తోనే పట్టుకుని రెండో చేత్తో చెవి వెనక రుద్దుతూ కూర్చుంది. వాడు కదల్లేదు. చల్లటి నీళ్లు చర్మం కిందకు పోతే ఎవరికైనా ఒళ్లు జలదరించదా అంది. వెచ్చబెట్టమని క్లినిక్కులో ఎవరూ చెప్పలేదు. మూపు మీద తేలిన గడ్డ సాయంత్రానికి ముందు కాలి మీదకు జారి, మర్నాటికి ఇంకిపోయేది. ఆ గడ్డ చూసి భయపడకండి, అది నీరే.

తిండి విషయంలో ఆమెది వేరే దారి. మొదట్లో గుడ్డు తెల్లసొన, మెత్తటి అన్నం, మాంసం తక్కువ, అంతా డాక్టరు చెప్పినట్టే. వాడు ముఖం తిప్పుకోవడం మొదలెట్టాక చికెన్ ఉడికించిన నీళ్లలో అన్నం పిసికి అరచేతిలో పెట్టి అందించింది. పథ్యం కదా అన్నాను. "ఇప్పుడిక పథ్యమెందుకక్కా, తిన్నంత తిననివ్వండి" అంది. నాక్కూడా సబబుగానే తోచింది.

ఇక మా పోట్లాట. పలక పక్కనే ఇంకో కాగితం అంటించి ఉంటుంది. ఆలిస్ విలలోబోస్ అనే అమెరికా పశువైద్యురాలు, క్యాన్సర్ నిపుణురాలు, రూపొందించిన కొలమానం అది. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజుల కన్నా మంచి రోజులు ఎక్కువున్నాయా అనేది: ఈ ఏడింటికీ పదేసి మార్కులు. మొత్తం 35 దాటితే బతుకు భరించదగ్గదే అని లెక్క. ఆయన దాన్ని తెలుగులో రాయించి పెట్టుకున్నాడు, వారం వారం మార్కులు వేస్తాడు. పద్ధతి మంచిదే. మార్కులు వేసే చెయ్యి మెతక. వదినగారి చేతిలోంచి రెండు ముద్దలు తింటే ఆకలికి నాలుగు వేశాడు. నేనైతే ఒకటి వేసేదాన్ని. తోక కదిపాడని సంతోషానికి ఆరు! టెలిఫోన్ శాఖలో ముప్పై ఏళ్లు లెక్కలు చూసినదాన్ని, మొత్తం 35కు రెండు మార్కుల పైన తేలేలా వేసిన లెక్కను గుర్తుపట్టలేనా? ప్రాణం తీసే హక్కు మనకెక్కడిదన్న మాట ఆయన నోట రాలేదు కానీ మార్కుల్లో కనిపించింది. నా లెక్క వేరు. నొప్పిని తగ్గించే దారులు అయిపోయాక ఇంకో వారం బతికించడం మన కోసమే, దాని కోసం కాదు. ఇద్దరం గట్టిగానే మాట్లాడుకున్నాం. చివరికి డాక్టరును పిలిపించి ఆమె చేత మార్కులు వేయించాం. ఆమె వేసిన మొత్తం నా దానికి దగ్గరగా వచ్చింది. ఆయన ఒప్పుకున్నాడు, మొహం మాత్రం ముడుచుకునే ఉంది.

ఆ పని చేసిన తీరుకు మాత్రం వంక పెట్టలేను. ఒక కుక్క కళ్ల ముందు ఇంకో కుక్కకు ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇవ్వకూడదని వీధికుక్కల నిబంధనల్లోనే ఉంది. చాలాచోట్ల దాన్ని పట్టించుకునేవాళ్లు ఉండరు. ఇక్కడ పక్కన చిన్న గది ఉంది. ముందు మత్తు ఇచ్చి, వాడు పూర్తిగా నిద్రపోయాకే రెండో ఇంజెక్షన్ ఇచ్చారు. మమ్మల్ని ఎంతసేపైనా కూర్చోనిచ్చారు. తర్వాత ఎక్కడికి అన్నది చేర్చుకున్న రోజునే కాగితం మీద రాయించుకుంటారు కాబట్టి అప్పుడు ఆలోచించాల్సిన పని పడలేదు. జంతువుల దహనవాటిక ఫతుల్లాగూడలో ఉంది, వాళ్ల ఆటోలోనే తీసుకెళ్లారు.

ఖర్చు. నెలకు తొమ్మిది వేలు, మందులు, సెలైన్, డాక్టరు ఫీజు వేరు. మందుల దుకాణం బిల్లులు పిన్ను కొట్టి ఇస్తారు. పెన్షనర్లకు తక్కువేమీ కాదు, కానీ హోటల్ వాడు చెప్పినదాంట్లో సగం కూడా లేదు. మిగిలిన అడ్వాన్సు అడగకముందే తిరిగిచ్చారు, వాడని సెలైన్ సీసాల డబ్బుతో సహా. సీసాలు ఉంచుకోమన్నాను.

ఫిర్యాదులు లేకపోలేదు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఫోను ఎత్తరు. కుక్కల నిద్ర వేళట, మోగితే లేస్తాయట. ఇక్కడ ఆదుర్దాతో కూర్చున్నవాళ్ల సంగతి ఏమిటి? వాట్సాప్‌లో ఫొటోలు పంపుతారు, అందులో సగం కాళ్లు, సగం గిన్నె. వాన పడితే చివరి దారి బురద, కారు దిగబడుతుంది. ఇంటి ముందు ఒక కోడిపుంజు ఉంది, ముసలి కుక్కలు తనను తరమలేవని దానికి తెలుసు, వాటి గిన్నెల్లోనే తింటుంది. సాయంత్రం ఐదు తర్వాత చూడనివ్వరు. అన్నిటికన్నా నాకు కష్టమనిపించింది ఆ మార్కుల మెతకదనమే, ఒక స్టారు తగ్గించింది అందుకే. మీ కుక్కను అక్కడ ఉంచితే మార్కులు మీరు కూడా వేయండి, మొహమాటపడకండి. చేర్చేటప్పుడే మీ డాక్టరు మాట చివరి మాట అని కాగితంలో రాయించండి. రాయమంటే రాస్తాడు.

ఊరెళ్లాలి, పదిరోజులు ఉంచుకోండి అనేవాళ్లు అక్కడికి వెళ్లకండి, గేటు తీయడు. వయసు మీరింది, మొరుగుతోంది, పక్కింటివాళ్లు గొడవ చేస్తున్నారు అనేవాళ్లూ వెళ్లకండి. నిజంగా అవసరమైనవాళ్లు రక్తపరీక్ష కాగితాలు, వాడుతున్న మందుల చీటీ, అది పడుకునే పాత దుప్పటి తీసుకెళ్లండి. దుప్పటి ఉతక్కండి, దాని వాసన దానికి కావాలట. కొత్త పరుపులు, బొమ్మలు కొనుక్కుని పోతే వదినగారు నవ్వి పక్కన పెట్టేస్తుంది. పాత చీరలు, కాటన్‌వి అయితే, ఎన్నైనా తీసుకుంటుంది.