సారె బుట్టల దగ్గర నీలి తెర: క్యాప్చర్ డబ్బాతో రెండేళ్లు

మా పర్లాకిమిడి ఇంట్లో ట్రంకుపెట్టె నిండా పాత వీడియో క్యాసెట్లు, మొత్తం 23. 2018 తిత్లీ తుఫానులో ఆ పెట్టెలోకి నీళ్లు చేరాయి, సగం క్యాసెట్లకు బూజు పట్టింది. మిగిలినవైనా దక్కించుకోవాలని రెండేళ్ల కిందట, క్యాసెట్లోని బొమ్మను కంప్యూటర్‌లోకి ఎక్కించే చిన్న యూఎస్‌బీ క్యాప్చర్ డబ్బా కొన్నాను. వైర్లు ఎలా కలపాలో అందరికీ తెలిసిందే. నా బాధంతా ఒక్కదాని గురించే: సిగ్నల్ కాస్త తడబడితే చాలు, ఈ డబ్బా చేతులెత్తేస్తుంది.

మొదటి నెల దీన్ని తెగ మెచ్చుకుని, బరంపురంలో ఉండే బావగారి చేత కూడా కొనిపించాను. అప్పుడు నేను ఎక్కించినవన్నీ తడవని క్యాసెట్లే. మేనత్త పెళ్లి క్యాసెట్ పెట్టిన రోజున అసలు సంగతి బయటపడింది.

1991 నాటి పెళ్లి. అప్పగింతలయ్యాక అందరూ స్టేషన్లో నౌపడ వెళ్లే చిన్న రైలు ఎక్కుతున్నారు. రెండున్నర అడుగుల పట్టాల మీద నడిచిన ఆ బండి 2004లో ఆగిపోయింది, ఇప్పుడున్నది పెద్ద లైను. రైలుపెట్టె మెట్టు దగ్గర తాతయ్య నిలబడి ఏదో అడగబోయారు. అంతలో తెరంతా నీలం. మళ్లీ బొమ్మ వచ్చేసరికి బండి కదిలిపోతోంది. అక్కణ్ణుంచి పెదవులు ముందు, మాటలు వెనక. అదే క్యాసెట్ పాత టీవీకి తగిలిస్తే గీతలు పడుతూనైనా ఆ ముక్క కనిపిస్తోంది!

నాలుగు నెలలు తిప్పలు పడ్డాక కారణం తెలిసింది. టీవీ బొమ్మ అడ్డగీతలుగా ఏర్పడుతుంది; ముడతపడ్డ టేపు నుంచి వచ్చే బొమ్మలో ఆ గీతల్లో ఒక్కోటి మొదలయ్యే క్షణం అటూ ఇటూ జరుగుతుంది. పాత టీవీ దాన్ని సర్దుకుంటుంది. డబ్బా సర్దుకోలేక ఫ్రేములే వదిలేస్తుంది. దీన్ని చక్కదిద్దే టైమ్ బేస్ కరెక్టర్ విడిగా కొనడం నా తాహతుకు మించిన పని. అయితే కొన్ని పాత డీవీడీ రికార్డర్లలో ఆ పని చేసే సర్క్యూట్ ఉంటుంది. బావగారి అటక మీద అలాంటిదే ఒకటి దొరికింది. డిస్కు పెట్టకుండా, క్యాసెట్లు ఆడించే వీసీఆర్‌కీ డబ్బాకీ మధ్య తగిలించాను.

బొమ్మ వణికింది గానీ తెగలేదు. "సారె బుట్టలు ఎక్కించీసారేటి?" అని తాతయ్య గొంతు. నాన్న కుర్చీలోంచి లేచి తెర దగ్గరకొచ్చారు. "మళ్లీ పెట్టరా" అన్నారు. మూడుసార్లు పెట్టాను.

బూజు క్యాసెట్ల విషయంలో ఒక తప్పు చేశాను. ఒకదాన్ని తుడవకుండానే వీసీఆర్‌లో పెట్టేశాను. టేపును చదివే హెడ్లు మూసుకుపోయి, తర్వాత పెట్టిన మంచి క్యాసెట్‌లోనూ చుక్కలే కనిపించాయి. హెడ్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో అవి అమర్చిన డ్రమ్ము తిరిగే దిశలో, అడ్డంగానే తుడవాలి. పైకీ కిందకీ రుద్దితే విరిగిపోతాయి.

కొనమంటారా అని అడిగితే, మీ క్యాసెట్లు పొడిగా ఉంటే కొనుక్కోండి. మాలాగా తుఫాను తిన్నవైతే ముందు అలాంటి రికార్డర్ దొరుకుతుందేమో చూసుకోండి. ఉన్నవి రెండు మూడే అయితే తెలిసిన స్టూడియోకి ఇవ్వడమే మేలు. నాకంటే సాయంత్రాలు ఖాళీ, పక్కన నాన్న ఉన్నారు.

19 అయ్యాయి. మిగిలిన నాలుగింటికీ బూజు లోపలి చుట్ల దాకా పాకింది. ఈ వానలు తగ్గాక విప్పుదామని పక్కన పెట్టాను.