పోస్ట్‌గ్రెస్ బ్యాకప్: రాత్రి డంప్ చాలా, వాల్ ఆర్కైవ్ కూడా పెట్టుకోవాలా?

"రోజూ రాత్రి పీజీ డంప్ తీస్తున్నాం, అది చాలదా?" పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ నడిపేవాళ్ల నుంచి ఈ ప్రశ్న తరచూ వస్తోంది. పీజీ డంప్ అంటే డేటాబేస్‌లోని టేబుళ్లనూ డేటానూ ఒక ఫైల్‌లోకి రాసిపెట్టే పోస్ట్‌గ్రెస్ కమాండ్. అడిగేవాళ్లలో ఎక్కువమంది చిన్న కంపెనీల్లో అన్నీ ఒంటిచేత్తో చూసుకునేవాళ్లు. యాప్ కోడ్ వాళ్లదే, సర్వర్ వాళ్లదే, డేటాబేస్ పడుకుంటే నిద్ర లేవాల్సిందీ వాళ్లే. అందుకని ఆ డంప్‌నూ, పీజీ బేస్‌బ్యాకప్ ప్లస్ వాల్ ఆర్కైవ్‌నూ పక్కపక్కన పెట్టి చూద్దాం. బేస్‌బ్యాకప్ అంటే డేటాబేస్ ఫైళ్లకు ఉన్నదున్నట్టు కాపీ. వాల్ (WAL, రైట్ అహెడ్ లాగ్) అంటే ప్రతి మార్పునూ పోస్ట్‌గ్రెస్ రాసుకునే లాగ్, ఆ ఫైళ్లను వేరేచోట దాచుకోవడమే ఆర్కైవ్. బేస్‌బ్యాకప్ మీద ఆ మార్పులను కావాల్సిన నిమిషం దాకా మళ్లీ నడపొచ్చు.

బ్యాకప్ అనగానే అందరికీ డిస్క్ పోవడమే గుర్తొస్తుంది. నేను చూసినంతలో డేటాకు ఎసరు పెట్టేది ఎక్కువగా మనిషి చెయ్యే. ఏ వరుసలు మార్చాలో చెప్పే వేర్ క్లాజ్ మర్చిపోయి కొట్టిన అప్‌డేట్, టెస్ట్ సర్వర్ అనుకుని లైవ్‌లో నడిపిన డిలీట్. అలాంటివి పని మధ్యలో, ఏ సాయంత్రం 4:10కో జరుగుతాయి. అప్పుడు మీకు కావాల్సింది 4:09కి ఉన్న డేటా. నా దృష్టిలో ఈ రెండింటి మధ్య తగువు తేల్చేది ఇదొక్కటే.

రాత్రి 2 గంటల డంప్ ఆ పని చేయలేదు. పద్నాలుగు గంటల ఆర్డర్లు, రసీదులు వదులుకోవాల్సిందే. గంటకోసారి డంప్ తీస్తామంటారు కొందరు. ప్రతిసారీ టేబుళ్లన్నీ మొదటి నుంచి చివరిదాకా చదవాలి, అంత చేసినా గంట డేటా గాల్లోనే.

అలాగని డంప్‌ను తీసిపారేయలేం. పాత వెర్షన్‌లో తీసింది కొత్త వెర్షన్‌లోకి ఎక్కుతుంది, వేరే రకం మెషీన్‌లోకి కూడా ఎక్కుతుంది. బేస్‌బ్యాకప్‌కు ఆ వీలు లేదు, అదే మేజర్ వెర్షన్ ఉండాలి. పైగా ఒక్క డేటాబేస్ చాలన్నా కుదరదు, క్లస్టర్ మొత్తం, అంటే ఆ సర్వర్‌లోని డేటాబేస్‌లన్నీ తెచ్చుకోవాలి. డంప్‌లో చిన్నచిన్న మెలికలు మాత్రం ఉన్నాయి. యూజర్లు, రోల్స్ అందులో రావు, పీజీ డంప్ఆల్‌ను గ్లోబల్స్ ఓన్లీ ఆప్షన్‌తో విడిగా నడపాలి. కస్టమ్ ఫార్మాట్ డంప్ నుంచి పీజీ రిస్టోర్‌తో ఒక్క టేబుల్ తీస్తే దాని ఇండెక్సులు (వెతకడాన్ని వేగంగా చేసే పట్టికలు) వెంట రావు. టేబుల్ వచ్చేసింది కదా అని ఊపిరి పీల్చుకునేలోపే సైట్ నత్తనడక మొదలుపెడుతుంది.

ఇక టైమ్ సంగతి. డంప్ తీయడానికి అరగంటే పడుతోందని చాలామంది ధీమాగా చెబుతారు. ఎక్కించడం వేరే లెక్క. డంప్‌లో ఇండెక్స్ అంటే దాన్ని కట్టమనే ఒక లైను మాత్రమే, రిస్టోర్‌లో ప్రతి ఇండెక్స్‌నూ మళ్లీ కట్టాలి, టేబుళ్ల మధ్య లింకులైన ఫారిన్ కీలన్నీ మళ్లీ సరిచూడాలి, ఆపైన టేబుళ్ల గణాంకాలు లెక్కగట్టే అనలైజ్ నడపాలి. జాబ్స్ ఆప్షన్‌తో సమాంతరంగా నడిపితే కొంత నయం, అయినా ఒక పెద్ద టేబుల్ అన్నిటినీ ఆపేస్తుంది. బేస్‌బ్యాకప్ అయితే ఫైళ్ల కాపీ, ఆ తర్వాత వాల్ రీప్లే, అంటే అందులోని మార్పులను మళ్లీ నడపడం. వారం కిందటి బేస్‌బ్యాకప్ మీద వారం వాల్ అంతా నడపాలంటే మాత్రం అదీ ఆలస్యమే, కాబట్టి బేస్‌బ్యాకప్ రోజూ తీయండి. 2024లో వచ్చిన 17వ వెర్షన్‌తో ఇంక్రిమెంటల్ (గత బ్యాకప్ తర్వాత మారినవి మాత్రమే) కూడా తీయొచ్చు.

4:09కి ఎలా వెళ్తారో చూపిస్తాను. లైవ్ సర్వర్‌ను ముట్టుకోకుండా, వేరే మెషీన్‌లో బేస్‌బ్యాకప్ పరిచి, వాల్ ఫైళ్లను ఆర్కైవ్ నుంచి తెచ్చే రిస్టోర్ కమాండ్ రాసి, ఎక్కడ ఆగాలో చెప్పే రికవరీ టార్గెట్ టైమ్ ఇచ్చి, రికవరీ సిగ్నల్ అనే ఖాళీ ఫైల్ పెట్టి స్టార్ట్ చేయాలి. ఆ మెషీన్‌లో ఆర్కైవ్ మోడ్ (వాల్‌ను ఆర్కైవ్‌కు పంపే సెట్టింగ్) ఆఫ్ చేయడం మర్చిపోవద్దు. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది టైమ్ దగ్గర. క్లౌడ్ సర్వర్లు చాలావరకు యూటీసీలో, అంటే మనకన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక టైమ్‌లో నడుస్తాయి. మీరు తేదీ పక్కన 16:09 అని మాత్రమే రాస్తే దాన్ని మన రాత్రి 9:39గా తీసుకుంటుంది. అంటే మీరు తప్పించుకోవాలనుకున్న డిలీట్‌ను కూడా శ్రద్ధగా నడిపేస్తుంది. వాల్ అయిపోయినా ఆ టైమ్ రాకపోతే 13వ వెర్షన్ నుంచి ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది, అంతకుముందైతే ఏమీ అనకుండా డేటాబేస్ తెరిచేసేది. ఎలా అయినా మళ్లీ మొదటికే. చివర +05:30 చేర్చి రాస్తే ఈ గొడవ ఉండదు.

టార్గెట్ చేరాక సర్వర్ తనంతట తాను పాజ్ అవుతుంది, చదవడానికి మాత్రం తెరుచుకుంటుంది. టేబుల్ చూడండి. ఇంకా కాస్త ముందుకు వెళ్లాలంటే టైమ్ మార్చి రీస్టార్ట్ చేస్తే సరి. వెనక్కి మాత్రం వెళ్లలేరు, బేస్‌బ్యాకప్ మళ్లీ పరచాలి. అందుకే మొదటి గురి 4:09కి కాకుండా 4:07కే పెట్టుకోండి. కావాల్సిన టేబుల్ కనబడ్డాక, పాజ్‌లో ఉండగానే పీజీ డంప్‌తో దాన్నొక్కటే తీసి లైవ్‌లోకి తెచ్చుకోవచ్చు. అక్కడ మళ్లీ డంపే అక్కరకొస్తుంది.

ఏ పద్ధతైనా కాగితం మీద ఉంటే సరిపోదనడానికి 2017 జనవరి 31న కోడ్ దాచుకునే సర్వీస్ గిట్‌ల్యాబ్‌లో జరిగింది చూడండి. ఒక ఇంజినీర్ పొరపాటున ప్రైమరీ సర్వర్‌లోని డేటా డైరెక్టరీ చెరిపేశారు. రోజువారీ డంప్ ఉంది కదా అనుకుంటే, డేటాబేస్ 9.6లో ఉండగా డంప్ కమాండ్ 9.2ది నడుస్తోంది. తనకన్నా కొత్త సర్వర్ నుంచి పీజీ డంప్ తీయదు కాబట్టి రోజూ ఫెయిల్ అవుతూనే ఉంది. ఫెయిల్ అయిందని చెప్పే మెయిళ్లూ చేరలేదు. అనుకోకుండా ఆరు గంటల ముందు చేత్తో తీసిన ఎల్‌వీఎం స్నాప్‌షాట్ (ఆ క్షణానికి డిస్క్ నకలు) ఉండబట్టి బయటపడ్డారు.

రెప్లికా (ప్రైమరీని చూసి ఎప్పటికప్పుడు మారే నకలు సర్వర్) బ్యాకప్ కాదు, డిలీట్ అక్కడికీ క్షణాల్లో పాకుతుంది. అమెజాన్ ఆర్‌డీఎస్ లాంటి మేనేజ్డ్ సర్వీస్‌లో ఉంటే ఈ వాల్ పని వాళ్లే చేస్తారు, 35 రోజుల దాకా ఉంచుకోవచ్చు. రిస్టోర్ మాత్రం కొత్త ఇన్‌స్టాన్స్‌గా, కొత్త అడ్రస్‌తో వస్తుంది. మైఎస్‌క్యూఎల్ వాళ్లకు ఇదే లెక్క, వాల్ బదులు బిన్‌లాగ్ అనే మార్పుల లాగ్.

నా ఓటు వాల్ ఆర్కైవ్‌కే, దానికి తోడుగా వారానికొక డంప్. స్క్రిప్టులు సొంతంగా రాసుకోకుండా పీజీబ్యాక్‌రెస్ట్ గానీ బార్మన్ గానీ, ఇలాంటి రెడీమేడ్ బ్యాకప్ టూల్ వాడండి. పగటి డేటా పోయినా మళ్లీ టైప్ చేసుకోగలిగినంత చిన్న డేటాబేస్ అయితే డంప్‌తోనే ఉండిపోండి, తప్పేం లేదు.

ఆర్కైవ్ పెట్టేవాళ్లు రెండు సెట్టింగులు చూసుకోవాలి. వాల్ ఫైల్ 16 ఎంబీ నిండితేనే ఆర్కైవ్‌కు వెళ్తుంది. రద్దీ లేని సైట్‌లో అందుకు గంటలు పట్టొచ్చు, కాబట్టి ఫైల్ నిండకపోయినా పంపించేసే ఆర్కైవ్ టైమ్‌అవుట్ ఐదు నిమిషాలకు పెట్టండి. రెండోది, వాల్ ఫైల్‌ను ఆర్కైవ్‌కు కాపీ చేసే ఆర్కైవ్ కమాండ్ ఫెయిల్ అవుతుంటే పోస్ట్‌గ్రెస్ ఆ ఫైళ్లను పారేయదు, డిస్క్ నిండేదాకా పోగేసి చివరికి తనే ఆగిపోతుంది. పీజీ స్టాట్ ఆర్కైవర్ వ్యూలో ఫెయిల్డ్ కౌంట్ పెరిగితే ఫోన్‌కు మెసేజ్ వచ్చేలా అలర్ట్ పెట్టాకే ఆర్కైవ్ మోడ్ ఆన్ చేయండి.