బూడిద ఇటుక: ధర కన్నా ముందు వయసు అడగండి

ఇబ్రహీంపట్నం, పరవాడ, రామగుండం చుట్టుపక్కల ఇల్లు కట్టేవాళ్లకు ఫ్లైయాష్ ఇటుక దొరకడం కష్టమేమీ కాదు. థర్మల్ కేంద్రాల బూడిద పక్కనే ఉంది, యూనిట్లూ ఉన్నాయి. సరుకు మాత్రం యూనిట్‌ను బట్టి మారిపోతుంది. తేడా ఎక్కువగా బూడిదలో కాదు, క్యూరింగ్‌లో, అంటే తడుపుతూ గట్టిపడనివ్వడంలో వస్తుంది.

ఈ ఇటుకకు బట్టీ అక్కర్లేదు. బూడిదలోని సిలికా, అల్యూమినా తడి సమక్షంలో సున్నంతో కలిసి గట్టిపడతాయి. జిప్సం తోడైతే తొలి రోజుల్లోనే కొంత బలం వస్తుంది. ఈ ఫాల్-జి (ఫ్లైయాష్, లైమ్, జిప్సం) పద్ధతిని రూపొందించింది విశాఖకు చెందిన భానుమతీదాస్, కాళిదాస్. ఇందులో బూడిదే కాదు, ఎసిటిలీన్ తయారీలో మిగిలే కార్బైడ్ సున్నం, ఎరువుల ఫ్యాక్టరీల ఫాస్ఫోజిప్సం కూడా ముడిసరుకులే. మూడూ ఎవరో పారబోసేవే! ఇప్పుడు చాలా యూనిట్లు సున్నం బదులు సిమెంటు వాడుతున్నాయి: సుమారుగా బూడిద 50–60 శాతం, క్రషర్ డస్ట్ (రాతి పొడి) 30–40, సిమెంటు 8–10. సిమెంటు తగ్గించి డస్ట్ పెంచితే అంచులు పొడిపొడిగా రాలతాయి.

బూడిద ఎక్కడిదో కూడా అడగండి. థర్మల్ కేంద్రంలో పొగ నుంచి బూడిదను పట్టే ఈఎస్‌పీ యంత్రాల హాపర్ల నుంచి వచ్చే పొడి బూడిద మెత్తగా ఉండి బాగా పనిచేస్తుంది. నీళ్లతో కలిపి చెరువుల్లోకి వదిలిన బూడిద ముతక, సున్నంతో కలవడం నెమ్మది. బాగా నల్లగా ఉంటే కాలని బొగ్గు ఎక్కువుందని అనుమానించాలి. అది నీళ్లు తాగుతుంది, బలాన్ని తగ్గిస్తుంది.

అసలు చిక్కు తొందర. ప్రెస్ నుంచి దిగాక ఒకటి రెండు రోజులు నీడన ఉంచి, తర్వాత కనీసం రెండు వారాలు తడపాలి. 28 రోజులు నిండాకే గోడకు వాడాలి. గిరాకీ ఉన్నప్పుడు వారం తిరక్కుండానే లారీకెక్కిస్తారు. ఆ పచ్చి ఇటుక గోడలో ఆరుతూ కుదించుకుపోతుంది, ప్లాస్టరింగ్ మీద జాయింట్ల వెంట బీటలు కనబడతాయి. నింద మాత్రం మేస్త్రి మీద పడుతుంది.

సైటుకు దించేముందు నాలుగైదు ఇటుకలు పట్టి చూడండి. రెండు ఇటుకలు తాటిస్తే ఖంగుమనాలి. నడుమెత్తు నుంచి మట్టి నేల మీద వదిలితే ముక్కలు కాకూడదు. బాగా ఎండిన ఇటుకను తూచి, 24 గంటలు నీళ్లలో ఉంచి, పైన తుడిచి మళ్లీ తూచండి. మూడు కిలోల ఇటుక 600 గ్రాములు దాటి పీలిస్తే తిప్పి పంపండి. సాధారణ బలం తరగతులకు ఈ ఇటుకల భారతీయ ప్రమాణం ఐఎస్ 12894 ఇచ్చిన హద్దు 20 శాతమే. మంచి సరుకు 400 గ్రాముల దగ్గరే ఆగుతుంది. ఈ పరీక్షకు ఒప్పుకోని యూనిట్ దగ్గర బేరం కూడా వద్దు.

ఎర్ర ఇటుక అలవాటున్న మేస్త్రి దీన్నీ తొట్టిలో నానబెడతాడు. వద్దనండి, నీళ్లు చిలకరిస్తే చాలు. నానిన ఇటుక ఆరేటప్పుడు మళ్లీ కుదించుకుపోతుంది. మాలు 1:6 (ఒక పాలు సిమెంటు, ఆరు పాళ్లు ఇసుక) సరిపోతుంది, సిమెంటు పెంచితే బీటలు పెరుగుతాయే తప్ప గోడకు ఒరిగేదేమీ లేదు. ముఖం నున్నగా ఉంటుంది కాబట్టి జాయింట్లను 10 మి.మీ. లోతు గీకి ఉంచకపోతే ప్లాస్టరింగ్ పట్టదు. కాలమ్‌కూ గోడకూ కలిసేచోట చికెన్ మెష్ (సన్న తీగల వల) తప్పనిసరి. కరెంటు పైపులకు గాడి కట్టర్‌తోనే కొట్టించండి, సుత్తీ ఉలీ పెడితే ఇటుక అడ్డంగా చిట్లుతుంది.

ఎర్ర ఇటుకతో పోలిస్తే కొలత ఒకేలా ఉండటం దీని పెద్ద లాభం. రెండు వైపులా గోడ సాపుగా వస్తుంది, 12 మి.మీ. ప్లాస్టరింగ్‌తో సరిపెట్టొచ్చు, సిమెంటు మిగులుతుంది. బరువు మాత్రం తగ్గదు, కాబట్టి పాత ఇంటి మీద అంతస్తు వేసేవాళ్లు ఇంజనీరును అడిగాకే ఆర్డరివ్వాలి. బిల్లు మీద తయారీ తేదీ రాయించుకోండి. రాయనంటే పక్క యూనిట్‌కు వెళ్లండి.