ఒకటో తరగతి తెలుగు: ముందు వర్ణమాలా, ముందు పదాలా?

వర్ణమాలతో మొదలుపెడితే మొదటి నాలుగక్షరాలు అ ఆ ఇ ఈ. వాటితో చదవడానికి ‘ఆ’, ‘ఈ’ తప్ప పిల్లల చేతికి మాటంటూ రాదు. అదే ప, ల, క, త నేర్పితే మొదటి వారంలోనే పలక, కలప, కల, తల, లత చదివేస్తారు. దీర్ఘం ఒక్కటి చేరిస్తే పాప, తాత, పాక కూడా వస్తాయి. వర్ణమాల దారిలో ఙ, ఞ కూడా దిద్దాలి. ఆ వయసులో వాటితో పనేముంది?

బట్టీ పట్టిన పిల్లలకు ‘ఢ’ విడిగా చూపించండి. ‘ట’ దగ్గర్నుంచి వేళ్లు మడుస్తూ వస్తారు. పాట వచ్చింది, అక్షరం రాలేదు.

పదాల పద్ధతిలో తంటా వేరు: బొమ్మ చూసి ఊహించేస్తారు. ‘పడవ’ అని రాసి ఉంటే ‘ఓడ’ అంటారు. బొమ్మ మూసేసి, అక్షరాల అట్టముక్కలు కలగలిపేసి, పదం మళ్లీ పేర్చమనండి. రోజుకు పది నిమిషాలు చాలు. వారానికి నాలుగైదు కొత్త అక్షరాలు మించకూడదు. ద, ధ ఒకే వారంలో వద్దు. అడుగున ఉన్న చిన్న గీతే తేడా కాబట్టి కలిపేసుకుంటారు.

అలాగని వర్ణమాల వదిలేయమని కాదు. వరుస రాకపోతే రేపు నిఘంటువులో మాట వెతకలేరు. జూన్‌లో పదాలతో మొదలుపెట్టి, దసరా సెలవుల తర్వాత వరుస చెప్పించడం మేలు. అప్పటికి చాలా అక్షరాలు తెలిసినవే కాబట్టి త్వరగా పట్టేస్తారు.