సీలియాక్ ఉన్న పిల్లతో నమ్మకంగా వెళ్లే టిఫిన్ కొట్టు

మా అమ్మాయికి సీలియాక్ జబ్బు. గోధుమ, బార్లీ పిసరంత కలిసినా చిన్నపేగు దెబ్బతింటుంది. బయట తినాలంటే నాకు ఎప్పుడూ టెన్షనే. అమలాపురంలో మా వీధి చివర ఉన్న ఈ టిఫిన్ కొట్టు ఆ టెన్షన్ చాలా తగ్గించింది.

ఇక్కడ దిబ్బరొట్టె అద్భుతం. మినపప్పు, బియ్యపు రవ్వ, ఉప్పు, అంతే. ఇనప మూకుడులో సన్నసెగ మీద అడుగు ఎర్రగా కరకరలాడేదాకా కాలుస్తారు, లోపల దూదిలా మెత్తగా ఉంటుంది. చెరుకు పానకంతో పెడితే మా పిల్ల మారు అడుగుతుంది. ఇడ్లీకీ భయం లేదు. పెసరట్టు చెబితే "ఉప్మా వద్దు కదమ్మా, పెనం కడిగి వేస్తానుండండి" అంటారు బాబాయిగారు. అదే పెనం మీద రవ్వదోసె వేస్తారు మరి, బొంబాయి రవ్వ గోధుమదే కదా.

సాంబారు మాత్రం పోయించుకోకండి. బజారు ఇంగువలో చాలావాటికి గోధుమపిండో మైదానో కలుపుతారు. మైసూరు బజ్జీ వేగిన నూనెలోనే గారెలూ వేస్తారు కాబట్టి అవీ వద్దు. గారెలకు వేరే మూకుడు పెడితే అయిదు స్టార్లు ఇస్తాను, ఇప్పటికి నాలుగు.

తీపి కావాలంటే ఆత్రేయపురం పూతరేకులు కొంటాం: బియ్యపు రేకు, నెయ్యి, బెల్లం. తాపేశ్వరం కాజా మైదాతో చేసేది, దాని జోలికి పోము.